పేరమ్మ కల్లంలో గెలాక్సీ

రెబ్కాకు ఆ ఊళ్ళో ఉద్యోగం వచ్చింది ఎనభై ఐదులో. అద్దంకిలో బస్సు దిగి, ఇంకో బస్సు పట్టుకుని, చివరికి ఒక ఎడ్లబండి వెనకాల నడిచి చేరాల్సిన ఊరు. ఊరి పేరు జువ్విగుంట. కనుచూపు మేర నల్లరేగడి. పత్తి, మిరప, మళ్ళీ పత్తి. ఆమె పుట్టి పెరిగింది గుంటూరులో. తండ్రి ఏసోబు చర్చి పనిమనిషి. గంట కొట్టడం దగ్గర్నుంచి బెంచీలు తుడవడం దాకా అన్నీ ఆయనే చూసుకునేవాడు. కూతురు సర్కారు బళ్ళో సైన్సు టీచరైందని తెలిసిన ఆదివారం ఆయన గంట కాస్త ఎక్కువసేపే మోగించాడని, పాస్టరుగారు కూడా నవ్వి ఊరుకున్నారని రెబ్కా తమ్ముడు క్రీస్తుదాసు చెప్పుకుని మురిసేవాడు.

ఊళ్ళో గది దొరకడం మాత్రం కష్టమైంది. ఖాళీ ఉందన్నవాళ్ళు, ఏ ఊరమ్మా, ఏ చర్చమ్మా అని మెల్లగా ఆరా తీసి, మా వాళ్ళొస్తారండీ అని తలుపు దగ్గరకు వేసుకున్నారు. మూడోరోజు సాయంత్రం బడి జవాను పీరు ఆమెను పేరమ్మ ఇంటికి తీసుకెళ్ళాడు. పేరమ్మకు యాభై దాటాయి. భర్త గుండెపోటుతో పోయి నాలుగేళ్ళు. పిల్లల్లేరు. ఊళ్ళో పెద్ద డాబా ఆమెదే. పదెకరాల సేద్యం ఆమే చేయిస్తుంది. రెబ్కాను పైనుంచి కిందికి ఒకసారి చూసి, ఏ ప్రశ్నా వేయకుండా, "కల్లం పక్కన గదుంది. ఎరువు బస్తాలు తీయిస్తా. ఘాటుకి తట్టుకోగలవా?" అంది.

రెబ్కా తట్టుకోగలనంది. తట్టుకోలేకపోయింది. మొదటి మిరప కాలమంతా తుమ్ములతోనే గడిచింది. ఆ తుమ్ములు విని పేరమ్మ వరండాలో కూర్చుని నవ్వుకునేది. నవ్వి, ఒక గిన్నెలో మజ్జిగ పోయించి పనిమనిషితో పంపేది. గిన్నె కడిగి వరండా అరుగు మీద పెట్టేది రెబ్కా. అరుగు దాటి లోపలికి రావద్దని ఆమెకు ఎవరూ చెప్పలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ దాని జోలికి పోలేదు.

ఆ ఊరు రెబ్కాకు ఇచ్చిన మొదటి వరం ఆకాశం. గుంటూరులో వీధిదీపాల మధ్య ఆమె చూసిన చుక్కలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. జువ్విగుంటలో మొదటి వారమే కరెంటు పోయిన ఒక సాయంత్రం బయటికొచ్చి తల పైకెత్తింది. తెల్లటి పొడి ఎవరో ఆ చివర నుంచి ఈ చివర దాకా చల్లినట్టు పాలపుంత. తను పుస్తకంలో బొమ్మ చూపించి పిల్లలకు పాఠం చెప్పే వస్తువు ఇంత దగ్గరగా, ఇంత నిజంగా ఉందని ఆమె ఎప్పుడూ ఊహించలేదు. మెడ నొప్పి పుట్టేదాకా చూసింది. పేరమ్మ వరండాలోంచి, ఏంది టీచరమ్మా, ఏమన్నా పోయిందా అని అడిగింది.

మరుసటి ఏడు తోకచుక్క వస్తుందని పేపర్లు హోరెత్తించాయి. క్రీస్తుదాసు గుంటూరు బ్రాడీపేటలో ఎవరి దగ్గరో పాత బైనాక్యులర్స్ కొని అక్కకు తెచ్చిచ్చాడు. తోకచుక్క పెద్దగా కనపడలేదు గానీ బైనాక్యులర్స్ మిగిలాయి. ఆ ఏడు కార్తీకంలో, అన్నాల వేళకు ముందు, రెబ్కా వాటిని పేరమ్మ చేతిలో పెట్టింది. నడినెత్తిన ఒక చోటు చూపించి అక్కడ పొగచూరినట్టు మసగ్గా ఏదైనా కనపడుతోందా అని అడిగింది.

పేరమ్మ చాలాసేపు తిప్పలు పడింది. ఆమెకు ముందు వేపచెట్టు కొమ్మ కనపడింది. తర్వాత ఏమీ కనపడలేదు. చివరికి చేతులు ఆగాయి.

"దీపం మీద ఆవిరి పట్టినట్టుంది."

"అదే. అది మన పాలపుంత లాంటి ఇంకో పాలపుంత. గెలాక్సీ అంటాం. మన సూర్యుడి లాంటివి అందులో కోట్లకు కోట్లు. ఇప్పుడు మీ కంట్లో పడ్డ వెలుగు అక్కడ బయల్దేరి ఇరవై లక్షల ఏళ్ళు దాటింది."

పేరమ్మ బైనాక్యులర్స్ దించి వాటిని పైటచెంగుతో తుడిచింది. ఆ మర్నాటి నుంచి దీపాల వేళకు వరండా వదిలి కల్లం గది ముందుకు వచ్చి కూర్చోవడం అలవాటు చేసుకుంది. రెబ్కా మంచం మీద, పేరమ్మ పీట మీద. రోజుకో సంగతి. రెబ్కా చుక్కల గురించి చెప్పేది. పేరమ్మ భర్త గురించీ, పత్తికి పట్టిన తెల్లదోమ గురించీ, ఈ పొలాల్లో బావులు తవ్విన రోజుల గురించీ చెప్పేది. ఎవరి మాట ఎవరికి ఎక్కువ ఇష్టమో చెప్పడం కష్టం. ఆ సాయంకాలాల రుచి రెబ్కాకు తర్వాత ఏ ఊళ్ళోనూ దొరకలేదు.

సంక్రాంతి సెలవులకు గుంటూరు వెళ్ళినప్పుడు రెబ్కా పాత పుస్తకాల కొట్లో ఒక విదేశీ సైన్సు పత్రిక కొంది. అందులో నిండు పేజీ బొమ్మ ఒకటి. పెద్ద గెలాక్సీది. తిరిగొచ్చాక దాన్ని తరగతిలో చూపిస్తే పిల్లలు పెదవి విరిచారు. పాలపుంతకైతే చేతులు చాచి సుడి తిరుగుతున్నట్టు అందమైన ఆకారం. దీనికేమీ లేదు. మధ్యలో కాంతి ముద్ద, అంచులకు పోయేకొద్దీ పలచబడి ఎక్కడ అయిపోయిందో తెలియని మసక. ఆ సాయంత్రం పేరమ్మ మాత్రం బొమ్మను లాంతరు దగ్గర పెట్టుకుని వదల్లేదు.

"ఇదెంతుంటది?"

మన పాలపుంత ఈ చివర నుంచి ఆ చివరకు పోవాలంటే వెలుగుకే లక్ష ఏళ్ళు పడుతుందని రెబ్కా చెప్పింది. ఇలాంటి రాక్షసి గెలాక్సీల్లో దానికి పదిరెట్లున్నవి ఉన్నాయి, పాతిక రెట్లు వెడల్పున్నవి కూడా ఉన్నాయంటున్నారు. వందల గెలాక్సీలు గుంపుగా ఉండే చోట, సరిగ్గా నడిమధ్యన ఉంటాయివి.

"అంత పెద్దది ఎట్టా అయింది?"

"చుట్టుపక్కల చిన్నవాటిని మింగి."

పేరమ్మ తల ఊపింది. మింగి పెద్దవాళ్ళైన వాళ్ళు ఆమెకు తెలియనివాళ్ళేం కాదు. మరి దీని రంగేమిటి, ఇట్టా పండిపోయినట్టుంది అని అడిగింది. అందులో నక్షత్రాలన్నీ ముసలివని, ముసలితనంలో నక్షత్రాలు ఎర్రబడతాయని, కొత్త నక్షత్రం పుట్టాలంటే కావాల్సిన చల్లటి వాయువు దాంట్లో ఎప్పుడో అయిపోయిందని రెబ్కా పాఠం చెప్పే ఊపులో చెప్పుకుపోయింది. మన పాలపుంత చేతుల్లో ఇప్పటికీ నీలంగా మెరిసే పసి నక్షత్రాలు పుడుతూనే ఉన్నాయి. ఇందులో పుట్టడం అనేది లేదు.

పేరమ్మ పత్రిక మూసింది.

"ఊళ్ళోకల్లా పెద్దిల్లు. పురుడు లేదు. మా ఇల్లులే టీచరమ్మా."

మామూలుగానే అంది. లేచి, లాంతరు వత్తి తగ్గించి, పీట తీసుకుని వెళ్ళిపోయింది. రెబ్కాకు తన నాలుక కరుచుకోవాలనిపించింది. ఆ తర్వాత మూడు నాలుగు సాయంత్రాలు పేరమ్మ కల్లం వైపు రాలేదు. మిరపకోతలు మొదలయ్యాయి, పనెక్కువైందన్నారు. అది నిజమే. కానీ పనెక్కువైన రోజుల్లో కూడా ఆమె అంతకు ముందు వచ్చేది.

రెబ్కా ఆ పత్రికలోని వ్యాసం మళ్ళీ చదివింది. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక్కో మాటా చదివింది. తను సగమే చెప్పానని అప్పుడు అర్థమైంది. ఆదివారం ప్రార్థన ముగించుకుని, అరుగు దగ్గర నిలబడి పేరమ్మను పిలిచింది. గెలాక్సీని గెలాక్సీ మింగుతుందని తను అన్న మాట సరైంది కాదని చెప్పింది. నక్షత్రానికీ నక్షత్రానికీ మధ్య ఎంత ఎడముందంటే, రెండు గెలాక్సీలు ఒకదాంట్లోకి ఒకటి వచ్చేసినా ఒక నక్షత్రం ఇంకో నక్షత్రానికి తగలదు. ఒక్కటీ చావదు. చిన్నదాంట్లోంచి వచ్చిన చుక్కలన్నీ పెద్దదాంట్లో తమ దారిన తాము తిరుగుతూ, వెలుగుతూనే ఉంటాయి. అంచుల్లో కనిపించే ఆ పలచటి మసకంతా అట్లా బయటినుంచి వచ్చి చేరినవాళ్ళే.

పేరమ్మ మిరపకాయల తొడిమలు తీస్తోంది. తల ఎత్తకుండానే వింది.

"అయితే అది మింగటం ఎందుకైద్ది. వచ్చి చేరటం."

"అవునండీ. చేరటమే."

"పుస్తకాలోళ్ళకి మాట తెలీదు," అంది పేరమ్మ. ఆ సాయంత్రం పీటతో సహా వచ్చింది.

ఆ ఏడే మొదటిసారి ఫిబ్రవరి చివర్లో సైన్సు దినం జరపాలని బడులకు కబురొచ్చింది. హెడ్మాస్టరు, ఏదో ఒకటి కానీయమని రెబ్కాకు అప్పగించి ఊరుకున్నాడు. బళ్ళో పరికరాలు లేవు. బీకర్లు రెండు, అందులో ఒకటి పగిలింది. రెబ్కా ఆ పూట గది ముందు నిలబడి కల్లం చూస్తోంది. పొలం నుంచి వచ్చిన కాయంతా ఆరబోసి ఉంది. అంత పెద్ద ఎరుపు మీద మధ్యాహ్నపు ఎండ. ఆమెకు పత్రికలోని బొమ్మ గుర్తొచ్చింది. తన ఆలోచన భయపడుతూనే పేరమ్మకు చెప్పింది. కాయ తొక్కకూడదు, ఎండిన కాయ విరిగితే విత్తనం రాలిపోతుంది, ధర పడిపోతుంది. పేరమ్మ అదంతా చెప్పి, చివర్లో, చెప్పులు లేకుండా, చీపురుతో కాకుండా చేతుల్తో సర్దేటట్టయితే ఒక రోజు వాడుకోమంది.

పిల్లలు పొద్దున్నే దిగారు. ముందు ఒక చేట తెచ్చి కల్లం మూల పెట్టారు. అందులో పత్తిని సుడి తిరిగినట్టు పరిచి, ఆ సుడి చేతుల మీద బట్టలకు పెట్టే నీలిమందు చిటికెడు చల్లారు. అది మన పాలపుంత. అలాంటివి పాతిక చేటలు వరసగా పెడితే ఎంత దూరమో అంత వెడల్పున మిరపకాయల్ని గుండ్రంగా సర్దాలి. మధ్యలో మోకాలెత్తు గుట్ట. బయటికి పోయేకొద్దీ పలచన. అంచుల్లో అక్కడొక కాయ, ఇక్కడొక కాయ. రెబ్కా కొలతాడు పట్టుకుని తిరుగుతూ, తుమ్ముతూ, అరుస్తూ ఉంది. ఎండ నెత్తికెక్కేసరికి పని అయింది.

ఊరు కదిలి వచ్చింది. కూలికొచ్చే ఎలీసమ్మ, ఆమెతో పాటు ఊరవతల పల్లెలోంచి పదిమంది ఆడవాళ్ళు. పీరు, అతని భార్య సైదా. పేరమ్మ మరిది పానకాలు పంచె పైకి దోపుకుని, అతని వెనక అతని మనుషులు. అందరూ కల్లం చుట్టూ నిలబడ్డారు. రెబ్కా చెప్పడం మొదలుపెట్టింది. కాసేపటికే ఆమెకు లోపం తెలిసింది. కింద నిలబడి చూస్తే ఆకారం తెలియడంలేదు. ఎవరి కాళ్ళ ముందున్న కాయలు వాళ్ళకు కనపడుతున్నాయి, అంతే. ఎలీసమ్మ మొహమాటపడుతూనే అంది.

"మేం రోజూ ఆరబోసేది ఇట్టాగే గదమ్మా."

జనం నవ్వారు. హెడ్మాస్టరు గడియారం చూసుకున్నాడు. రెబ్కాకు మొహం వేడెక్కింది. తెచ్చిన బొమ్మ చూపిద్దామంటే అది గాలికి ఎగురుతోంది.

సరిగ్గా అప్పుడే పేరమ్మ డాబా పైన ఉంది. పొద్దున పెట్టిన గుమ్మడి వడియాల మీద కాకులు వాలుతుంటే తోలడానికి వెళ్ళింది. కాకుల్ని అదిలించి కిందికి చూసి అట్లాగే ఉండిపోయింది. చాలాసేపటికి పిట్టగోడ మీద రెండు చేతులూ ఆనించి పిలిచింది.

"కింద నిలబడితే ఏం కనపడుద్ది? పైకి రండి. అందరూ రండి."

ఎవరూ కదల్లేదు. ఆ డాబాకు బయట మెట్లు లేవని ఊరందరికీ తెలుసు. వరండా దాటాలి, నడిమింట్లోంచి దేవుడి గది పక్కగా వెళ్ళాలి, అక్కడ మెట్లు. కల్లంలో నిలబడ్డవాళ్ళలో సగంమంది ఆ గడప ఎప్పుడూ తొక్కినవాళ్ళు కారు. ఎలీసమ్మ కళ్ళు నేల మీద ఉన్నాయి. పానకాలు గొంతు సవరించుకున్నాడు.

"వదినా, మెట్లు ఇంట్లోంచి గదా."

"ఇంట్లోంచే. మీ అన్న అట్టా కట్టించాడు. నన్నేం చేయమంటా?"

"నలుగురూ ఏమనుకుంటారు?"

"నలుగురూ ఈడే ఉన్నారు గదయ్యా. అడుగు."

పేరమ్మ పైనుంచి దిగి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఊరినెదిరించడం ఆమెకు అలవాటు లేదు. అలవాటు లేని పని చేసేటప్పుడు మనిషి గొంతు ఎలా ఉంటుందో అలా ఉంది ఆమె గొంతు.

"నువ్వు ముందు రా అమ్మాయ్. నువ్వు పక్కనుండి చెప్పకపోతే మాకేం తెలుసుద్ది."

రెబ్కా అరుగు ఎక్కింది. వరండా దాటింది. కాళ్ళ కింద నాపరాళ్ళు చల్లగా తగిలాయి. రెండేళ్ళుగా గోడకు ఇవతల బతికిన మనిషి లోపల ఏముందో మొదటిసారి చూసింది. గోడకు భర్త ఫోటో, దానికి ఎండిపోయిన దండ. దూలానికి ఉయ్యాల కొక్కేలు రెండు, ఎప్పుడూ తాడు కట్టనివి, కొత్తవాటిలాగే ఉన్నాయి. ఆమె వాటిని చూడనట్టే మెట్లెక్కింది. వెనకాల పిల్లలు. పిల్లల వెనక సైదా. చివరికి ఎలీసమ్మ కాళ్ళు కడుక్కుంటానని చెంబు అడిగితే, వడియాలు తొక్కకుండా వస్తే చాలని పేరమ్మ కసురుకుంది.

పైనుంచి చూస్తే అది మిరపకాయల కల్లం కాదు. నల్లటి నేల మీద ఒక మహా పెద్ద ఎర్రటి వెలుగు. నడుమ మండుతున్నట్టు, అంచుల్లో ఆరిపోతున్నట్టు, ఎక్కడ ఆగిందో చెప్పలేనట్టు. మూలన ఆ తెల్లటి చేట. అందరూ ఒక్కసారిగా పిట్టగోడ దగ్గరికి జరిగారు. రెబ్కా మెల్లగా చెప్పింది. ఆ ఎరుపులోని చుక్కలు మన సూర్యుడి కంటే పాతవని. ఏ చుక్క ఎక్కడినుంచి వచ్చి చేరిందో ఇప్పుడెవరూ విడదీసి చెప్పలేరని. చేట మీద ఒక్క తుమ్ము తుమ్మితే మన పాలపుంత లేచిపోతుందని చెప్పి, నిజంగానే తుమ్మింది. అప్పుడు నవ్వులు.

ఎలీసమ్మ పిట్టగోడ పక్కన నిలబడి అడిగింది. "మరి మనమేడున్నాం తల్లీ ఇందులో?"

"ఇందులో లేం. మనం ఆ పత్తి చేటలో. అందులోనూ కంటికి ఆనం. మనమే కాదు, మన సూర్యుడు కూడా ఆనడు."

"పానకాలుగారు కూడానా?" అని సైదా మెల్లగా అంటే ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పానకాలు పైకి రాలేదు. కిందే కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం మిరపకాయలు మళ్ళీ గుట్టలయ్యాయి. పట్టాలు కప్పారు. ఊరు మాత్రం అంత తొందరగా సర్దుకోలేదు. పానకాలు ఇంట్లో ఆ వేసవిలో కూతురి పెళ్ళి జరిగితే పేరమ్మకు పిలుపు రాలేదు. బంధువుల్లో కొందరు ఆమె ఇంట మంచినీళ్ళు ముట్టడం మానేశారు. పెళ్ళి సన్నాయి వినపడిన పొద్దున ఆమె కల్లం మూల కూర్చుని ఏడవడం రెబ్కా చూసింది. దగ్గరికి వెళ్ళి, నావల్లే కదండీ ఇదంతా అంది.

"నీవల్ల ఏముందిలే. నేను పిలిచా, మీరొచ్చారు," అంది పేరమ్మ ముక్కు చీది. "ఆ పిల్ల నా చేతుల మీద పెరిగింది. అక్షింతలు ఎయ్యలేకపోయానని ఏడుపు. అంతే." కళ్ళు తుడుచుకుని, పైన గది ఊరికే పడుందని, ఎరువుల కంపులో ఇంకా ఎన్నాళ్ళుంటావని అడిగింది.

రెబ్కా సామాను ఆ వారమే మేడ మీదికి వెళ్ళింది. పేరమ్మగారూ అని పిలిచే నోరు ఎప్పుడో తెలియకుండానే పెద్దమ్మా అనడం నేర్చుకుంది. ఆదివారాలు సైదా, ఎలీసమ్మ కూతుళ్ళు, పక్కింటి కోడళ్ళు ఏదో వంక పెట్టుకుని డాబా మీదికి చేరేవాళ్ళు. చుక్కలు చూసినంతసేపు చూసి, వేయించిన శనగలు తింటూ మిగతా లోకమంతా మాట్లాడుకునేవాళ్ళు. ఏడాది తిరిగేసరికి పానకాలు భార్య మల్లేశ్వరి కూడా పెరటి దారిన రావడం మొదలుపెట్టింది. కూతురి పెళ్ళి ఫోటోలు తెచ్చి అక్కయ్యకు ఒక్కొక్కటే చూపించింది. పానకాలు మాత్రం పంతం వదల్లేదు.

ఎనభై తొమ్మిదిలో రెబ్కాకు గుంటూరు బదిలీ అయింది. నాన్నకు ఆరోగ్యం బాగాలేక ఆమే అడిగి వేయించుకుంది. బయల్దేరిన రోజు పేరమ్మ ఎండుమిరపకాయలు ఒక సంచీ నిండా కట్టి, తుమ్ముకుంటూ తినమని బండిలో పెట్టించింది.

ఆ ఏడే చలికాలంలో పేరమ్మ కంటికి పొర వచ్చిందని బ్రాడీపేట ఆస్పత్రికి వచ్చింది. పది రోజులు రెబ్కా ఇంట్లోనే ఉంది. ఏసోబు ఆమెకు కుర్చీ వేసి, పొద్దున్నే కాఫీ తనే కలిపి ఇచ్చేవాడు. ఇద్దరూ రేగడి నేలల గురించి మాట్లాడుకునేవాళ్ళు. కట్టు విప్పిన సాయంత్రం రెబ్కా ఆమెను మేడ మీదికి తీసుకెళ్ళింది. ఆటోల రొద, సినిమా హాలు దీపాలు, పైన బూడిదరంగు ఆకాశం. పేరమ్మ కళ్ళు చికిలించి అటూ ఇటూ చూసి, మీ ఊళ్ళో చుక్కలు పుట్టవా ఏందే అంది. ఉన్నాయి పెద్దమ్మా, దీపాలకు కనపడవు అంది రెబ్కా.

వెళ్ళే రోజు బస్టాండులో అద్దంకి బస్సు కోసం ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. ఊరి కబుర్లన్నీ అయిపోయాయి. మీ మేడ మీద గది ఇప్పుడెలా ఉంది, బూజు పట్టిందా అని రెబ్కా అడిగింది. నా గది అనబోయి ఆ మాట మార్చుకుంది.

"బూజెందుకు పడుద్ది. షాజాదీ అని మనూరి ఆస్పత్రికి నర్సు వచ్చింది, ఒంగోలు పిల్ల. దాన్ని పెట్టా. చిన్న పిల్ల కూడా ఉంది దానికి. ఎప్పుడూ ఏడుపే," అంది పేరమ్మ. విసుక్కుంటున్నట్టు అన్నా ఆమె ముఖం విసుక్కోవడంలేదు. "ఉయ్యాల అడిగింది. కట్టిచ్చా."

రెబ్కాకు సంతోషమేసింది. దాంతోపాటే గుండెలో ఎక్కడో చిన్న నొప్పి. ఆ డాబా, ఆ పీట, లాంతరు వెలుగులో బొమ్మ మీదికి వంగిన ఆ తల, అన్నీ ఇప్పుడు ఇంకొకరి సాయంకాలాలు. బస్సు వచ్చింది. జనం ఎగబడ్డారు. రెబ్కా ముందు దూరి కిటికీ పక్క సీటు మీద తుండు వేసి, పెద్దమ్మను చెయ్యి పట్టుకుని ఎక్కించింది. బస్సు కదిలేటప్పుడు పేరమ్మ నల్లద్దాల్లోంచి కిటికీ బయటికి వంగి, ఎండలో నిలబడొద్దు, ఇంటికి పొమ్మని చేత్తో సైగ చేసింది. బస్సు మలుపు తిరిగేదాకా రెబ్కా అక్కడే నిలబడింది.